పనిలేని వైరు

అమ్మమ్మ దేన్నీ ఒక పట్టాన పారేయదు. ఊడిపోయిందల్లా ఏదో ఒకనాటికి అక్కరకొస్తుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకమంతా మంచం కింద ఒక బిస్కెట్ల డబ్బాలో ఉంటుంది. మనవరాలి ఎలక్ట్రిక్ గిటారుకు కొత్త భాగాలు బిగించిన ఈ వారంలోనూ, ఊడదీసిన ప్రతిదానికీ కాగితం చుట్టి, దారం కట్టి, పైన పేరు రాసి ఆ డబ్బాలోనే వేసింది.

మనవరాలిని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. దాని గిటారు చవకరకం. ఏడాది తిరక్కుండానే తీగలు బిగించే బిరడాలు వదులై, పాట సగంలో ఉండగానే శ్రుతి జారిపోయేది. తీగల్ని మోసే బ్రిడ్జి తుప్పుపట్టింది. తీగల కదలికను పట్టి స్పీకరుకు పంపే పికప్‌లు ఏం వాయించినా జలుబు చేసినట్టే పలికేవి. చెక్క మాత్రం గట్టిది. అందుకే పిచ్చుక ఆరు నెలలుగా మంచి భాగాలు ఒక్కొక్కటే తెచ్చి దాచింది.

శనివారం సాయంత్రం ఐదింటికి బ్యాండు సాధన. ఈసారీ గిటారు మొరాయిస్తే పిచ్చుక చోటు ఇంకొకరికి ఇస్తామని బ్యాండులో పాడే అబ్బాయి మొహం మీదే చెప్పేశాడు. అమ్మమ్మకు గుబులంతా అక్కడే. బడి మారినప్పుడు ఉన్న ఒక్క స్నేహితురాలూ దూరమై, ఏడాదిపాటు ఆ పిల్ల గోడలతో తప్ప మాట్లాడలేదు. బ్యాండు దొరికాకే మళ్లీ నోరు విప్పింది.

టంకం పని అమ్మమ్మది. రేడియోల కార్ఖానాలో ముప్పై ఏళ్లు ఆమె చేసింది అదే. ఇప్పుడు చేతులు వణుకుతాయి కానీ, టంకం పొగ ముక్కుకు తగిలితే చాలు, వేళ్లకు పాత బుద్ధి వచ్చేస్తుంది. శనివారం మధ్యాహ్నానికి అన్నీ అమరాయి. పిచ్చుక తీగలు బిగించి, గిటారును స్పీకరుకు తగిలించింది.

తేనెతుట్టె కదిపినట్టు స్పీకరు హోరెత్తింది.

"నా పని అయిపోయింది అమ్మమ్మా," అని పిచ్చుక నేల మీద కూలబడింది.

"నీ పని కాదే, నా పని. టంకం పెట్టింది నేను కదా," అంది అమ్మమ్మ.

కళ్లజోడు తుడుచుకుని ప్రతి అతుకూ పట్టి చూసింది. ఒక్కటీ కదల్లేదు. గడియారం మూడున్నర కొట్టింది. ఇంతలో పిచ్చుక ఒక సంగతి గుర్తుచేసింది. ఇదివరకు తీగల మీద చెయ్యి వేస్తే హోరు తగ్గేదట, ఇప్పుడు తగ్గడం లేదట. గిటారు నుంచి స్పీకరుకు వెళ్లే వైరు చివరి ఇనప మొనను పట్టుకుంటే మాత్రం తగ్గుతోంది.

అంటే తీగలకూ లోపలి సరంజామాకూ మధ్య ఏదో తెగింది. అమ్మమ్మ వంగి మంచం కింది డబ్బా లాగి, ఒక పొట్లం బయటికి తీసింది. పైన ఆమె చేతిరాతే ఉంది: "బ్రిడ్జి కింద దొరికింది. పనిలేని వైరు."

పాత బ్రిడ్జి విప్పినప్పుడు చెక్క రంధ్రంలోంచి ఒక బోడి వైరు తొంగిచూసింది. దాని కొసకు టంకం లేదు. కొసన టంకం లేని వైరు ఉత్త చెత్త, కనబడగానే పీకేయాలన్నది కార్ఖానా నియమం. ఆమె పీకేసింది. ఆ కొసను బ్రిడ్జే అదిమిపట్టి తీగలతో కలిపి ఉంచుతుందని ఆమెకు తట్టనే లేదు.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం," అంది అమ్మమ్మ. "పీకింది నేనేనే."

పిచ్చుక ఆ కాగితం చదివి, కోప్పడబోయి, నవ్వాపుకోలేకపోయింది. తీగలు వదులు చేసి, బ్రిడ్జి మరలు విప్పి, వైరును మళ్లీ రంధ్రంలోకి దూర్చారు. ఒక కొస బ్రిడ్జి కిందికి చేరింది, రెండో కొసను అమ్మమ్మ లోపలి సరంజామాకు టంకంతో అతికింది. మళ్లీ బిగించాక పిచ్చుక తీగల మీద అరచెయ్యి ఆనించింది. హోరు టక్కున ఆగింది. ఆ తర్వాత మీటిన మొదటి తీగ జలుబు వదిలిన గొంతుతో పలికింది.

ఐదింటి నుంచీ అమ్మమ్మ వీధి గుమ్మంలోనే ఉంది. ఏడున్నరకు పిచ్చుక మలుపు తిరిగింది. భుజాల మీద రెండు గిటార్లున్నాయి.

"నన్ను ఉంచుకున్నారు," అంది మెట్ల దగ్గరే. "నిన్ను కూడా. ఇది పాడే అబ్బాయిది, బాగుచేయమన్నాడు. కానీ అమ్మమ్మా, ఇందులో పనిలేని వైరు ఒక్కటీ పీకనని ముందు మాటివ్వు."

అమ్మమ్మ మాటివ్వలేదు. లోపలికి వెళ్లి, పొట్లాలకు కాగితాలు కత్తిరించడం మొదలుపెట్టింది.