ఎర్రపెట్టె వచ్చిన పిల్లాడు

చెప్పుల కొట్లో, వచ్చిన ప్రతివాళ్ళ కాలికీ తొడిగి చూపించే జోడు ఒకటి ఉంటుంది. నాలుగు నెలలు తిరిగేసరికి అది ఎవరి పాదానికైనా ఇట్టే ఒదుగుతుంది. మేలు రకమై కాదు, తోలు సాగి. కొట్టు నడిపే ఆవిడ అలాంటి జోడును కొత్తదని ఎవరికీ అంటగట్టలేదు. అలాంటిది, తన కొడుకునే ఆ జోడు చేశారని ఆవిడకి ఆ ఉదయం తెలిసింది.

పిల్లల మెదడు ఎదుగుదల మీద పరిశోధన చేయబోయేవాళ్ళకి తర్ఫీదు ఇచ్చే కేంద్రం ఒకటి ఉంది. మాటలు రాని ఆరేళ్ళ పిల్లాణ్ణి మాటల క్లాసు కోసం ఆవిడ ఏడాదిగా ప్రతి వారం అక్కడికి తీసుకెళ్తోంది.

"మంచి కబురమ్మా," అంది తర్ఫీదు ఇచ్చే పెద్ద డాక్టరమ్మ. "మీవాడికి పరీక్షలో మార్కులు బాగా పెరిగాయి. ఇక మాటల క్లాసు అక్కర్లేదు. ఆ సీటు ఇంకో పాపకి ఇస్తున్నాం."

"దాహమేస్తే నీళ్ళు కావాలని కూడా అడగడు డాక్టరమ్మా. నా చెయ్యి పట్టుకుని కూజా దగ్గరికి లాక్కెళ్తాడు. వీడికి క్లాసు అక్కర్లేదా?"

"బొమ్మకి అన్నం పెట్టాడు, కప్పు అన్నాడు, బంతి అన్నాడు. ఒక్కటీ తప్పలేదు ఆంటీ!" అన్నాడు పక్కనే ఉన్న కళ్ళజోడు కుర్రాడు. తర్ఫీదు పొందుతున్న కుర్రాళ్ళలో వాడు చురుకైనవాడు.

"ఎప్పుడూ మీరు ఆడించే ఆ ఎర్రపెట్టెలో బొమ్మేనా?" అడిగింది తల్లి.

"పరీక్షకి ఉన్నది అదే కదా."

తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. "వచ్చినప్పుడల్లా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఆ పెట్టెతోనే కదరా వాణ్ణి ఆడించారు! అదేదో వైద్యమనుకుని, నేను కొట్టు మూసుకుని వచ్చి ఈ గుమ్మం ముందు పడిగాపులు పడ్డాను!"

డాక్టరమ్మ ముఖం మాడిపోయింది. "ప్రతి వారమా? ఒక పిల్లాడికి ఏడాదిలో ఆ పెట్టె రెండోసారి చూపించకూడదని మొదటి రోజే చెప్పానా లేదా?"

"ఆ నియమం అసలు పరీక్షకే అనుకున్నాం మేడమ్. ఇది ఉత్త ప్రాక్టీసే కదా అని ఎక్కడా రాయలేదు. మిగతా పిల్లలు ఏడుస్తారు, వీడైతే కుదురుగా కూర్చుంటాడని..." నసిగాడు కళ్ళజోడు కుర్రాడు.

"కుదురుగా కూర్చున్నందుకా వాడికి ఈ శిక్ష?" అంది తల్లి. "వాడికి మీ పెట్టె వచ్చు. మాటలు రావు. మీ పెట్టె నేర్పిన పాఠం మీకే అప్పజెప్పాడు, మీరు మురిసిపోయారు!"

డాక్టరమ్మ బీరువాలోంచి అదే పరీక్షకి వేరే వస్తువులున్న, సీలు తీయని నీలంపెట్టె తెచ్చి, పిల్లాణ్ణి తనే లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. తల్లి గాజు అద్దానికి ఇవతల నిలబడింది.

లోపల డాక్టరమ్మ ఒక చెంచా చూపించింది. పిల్లాడు పెట్టెలోకి తొంగిచూసి పాత బొమ్మ కోసం వెతికాడు. గిలక్కాయ చూపించింది. వాడు "కప్పు" అన్నాడు. దువ్వెన చూపించింది. "బంతి" అన్నాడు, మెప్పు కోసం ఆవిడ ముఖంలోకి చూస్తూ.

రోజూ ఒక్క మాట, ఒక్క మాట అని వాడి గడ్డం పట్టుకుని బతిమాలే తల్లి, ఇప్పుడు అద్దానికి నుదురు ఆనించి 'తప్పు చెప్పు నాన్నా, ఈ ఒక్కసారికి తప్పే చెప్పు' అనుకుంది. అలా అనుకోవాల్సి వచ్చినందుకు పళ్ళు పటపటా కొరికింది.

పిల్లాడు ఆమె కోరినట్టే తప్పాడు, అన్నీ తప్పాడు. చివరికి డాక్టరమ్మ వేలు పట్టుకుని ఎర్రపెట్టె ఉన్న బీరువా వైపు లాగాడు.

"పాత మార్కులు కొట్టేశాను. సీటు మీవాడిదే," అంది డాక్టరమ్మ బయటికొచ్చి. "తప్పు మాదేనమ్మా."

"హమ్మయ్య, సీటు దక్కింది ఆంటీ!" అన్నాడు కళ్ళజోడు కుర్రాడు.

"దక్కిందా? బిడ్డ ఓడిపోవాలని తల్లి చేత మొక్కించారు. అది లాభం కింద వేసుకోమంటావా? మీరు నేర్చుకోవాలి, కాదనను. ఇది వైద్యం కాదు, మా చదువు కోసం అని మొదటే చెప్పి అడిగుంటే, ఒకసారికి నేనే కూర్చోబెట్టేదాన్ని. మీరు అడగలేదు, వాడుకున్నారు."

కుర్రాడు తలొంచుకున్నాడు. ఆమె జాలిపడలేదు.

వరండాలో పిల్లాడు తల్లి చెయ్యి పట్టుకుని నీళ్ళ కుళాయి వైపు లాగాడు. "ఏం కావాలి నాన్నా?" అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఇవాళ్టికి వాణ్ణి ఇంకెవరూ ఏమీ అడగక్కర్లేదు. గ్లాసు నింపి నోటికందించింది.