తొమ్మిదే వచ్చింది

1974లో పటాన్‌చెరు దగ్గరి ఓ యంత్రాల ఫ్యాక్టరీలో పెంటయ్య గుమాస్తా. డ్రాయింగుల్లోని కొలతలు చూసి పని కాగితాల మీదికి ఎక్కించేవాడు. రాశాక ప్రతి కొలతలోని అంకెలు కూడి చూసేవాడు. అసలులోనూ నకలులోనూ ఒకే మొత్తం వస్తే తప్పు లేనట్టే. ఇంజనీరు కామేశ్వరరావు ఈ చిట్కాను తెగ మెచ్చుకుని, వచ్చిన అతిథులందరి ముందూ చేయించేవాడు. కాగితాలు సరిచూడాల్సింది ఆయనే అయినా, చూడకుండానే సంతకం పెట్టేవాడు.

ఒకరోజు పెంటయ్య 54 మిల్లీమీటర్లను 45 అని రాశాడు. కూడితే రెండూ తొమ్మిదే. నలభై షాఫ్టులు సన్నగా తయారై తుక్కులో పడ్డాయి.

విచారణలో కామేశ్వరరావు, "అంకెలు తారుమారైతే ఆ చిట్కా పట్టదండి. కాలేజీ పిల్లలకీ తెలుసు. ఇతన్ని నమ్మి మోసపోయాను," అన్నాడు.

పెంటయ్య నిర్ఘాంతపోయాడు. "సార్, మీకు ముందుగాలనే ఎర్కనా? మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వడగలేదుగా!"

పెంటయ్యను బొగ్గు మోసే పనిలో వేశారు. ఆ సాయంత్రం భార్య మల్లమ్మ ఓదార్చబోయింది.

"గుమాస్తా పని పోయినందుకు కాదే," అన్నాడతను. "గంత మంది ముందట నేను కూడి సూపిస్తుంటె, ఆయన లోపల్లోపల నవ్వుకుంటుండె. గదే కడుపుల కాలుతున్నది."