అత్తను బయటికి పంపిన ఆట

పెళ్లిచూపుల్లో ఉమామహేశ్వరి “నేను పూల్ ఆడతానండీ” అన్నప్పుడు సూర్యకాంతం ఈత అనుకుంది. మణుగూరు పిల్ల, గోదావరి దగ్గర్లో పెరిగింది, ఈత వచ్చి ఉంటుందిలే అని తలూపింది. కాపురానికి వచ్చిన కోడలు పెట్టెలతోపాటు ఒక పొడుగాటి సంచి దించి, అందులోంచి రెండు ముక్కల కర్ర తీసి మరమేకులా తిప్పి బిగించేసరికి ఆవిడ దగ్గరికొచ్చి తడిమి చూసింది.

“ఇదేటమ్మా?” అంది.

“స్టిక్ అత్తమ్మా. దీనితోనే ఆడేది.”

సూర్యకాంతం భర్త చక్రధరరావు హిందీ మాట్లాడే ప్రాంతంలోని కిరండూల్ ఇనుపగనిలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. కొడుకు వికాస్ అదే గనిలో షిఫ్టులు చేస్తాడు. టౌన్‌షిప్ క్లబ్బులో ఒక పూల్ బల్ల ఉంది. సాయంత్రాలు అది మగవాళ్లది. చక్రధరరావు క్లబ్బు సెక్రటరీతో మాట్లాడి, మధ్యాహ్నాలు కోడలు ఆడుకునేలా ఒప్పించాడు. వంట ముగించి, స్టిక్ భుజాన వేసుకుని క్లబ్బుకెళ్లే కోడల్ని వీధిలో వాళ్లు వింతగా చూస్తుంటే మొదట్లో సూర్యకాంతానికి తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు చుట్టాలొచ్చారని కోడల్ని పిలవడానికి తనే క్లబ్బుకు వెళ్లింది. ఉమ బల్ల మీదికి వంగి ఉంది. గడ్డం కర్రకు ఆనుతోంది. చుట్టూ నలుగురైదుగురు ఆఫీసర్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. టక్కుమని చప్పుడైంది. తెల్లబంతి గట్టుకు తగిలి తిరిగొచ్చి, ఎక్కడో మూలనున్న బంతిని పాకెట్లోకి నెట్టింది. “వాహ్ భాభీ” అన్నారెవరో. ఇంట్లో ఉప్పు తక్కువైందంటే తల దించుకునే పిల్ల, ఆ మెప్పుకు కనీసం కళ్లెత్తకుండా తర్వాతి బంతి వైపు నడిచింది. చుట్టాల సంగతి మర్చిపోయి సూర్యకాంతం ఆట అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడింది.

ఆ రోజు నుంచి కోడలి ఆటంటే ఆవిడకు పిచ్చి పట్టుకుంది. జగదల్‌పూర్‌లో, రాయ్‌పూర్‌లో, ఒకసారి విశాఖపట్నంలో, ఎక్కడ పోటీ ఉన్నా పులిహోర కట్టుకుని వెంట వెళ్లేది. ముందు వరసలో కూర్చునేది. నియమాలు మాత్రం సగమే తెలుసు. బల్ల మీద తొమ్మిది బంతులుంటాయని, అంకెల వరసలో కొట్టుకుంటూ రావాలని, చివరికి తొమ్మిదోది ఎవరు వేస్తే గేమ్ వాళ్లదని నేర్చుకుంది. తెల్లబంతి పాకెట్లో పడితే తప్పన్న సంగతి ఎంత చెప్పినా గుర్తుండేది కాదు. ఏ బంతి పడ్డా చప్పట్లు కొట్టేది. హాలంతా ఆవిడవైపు తిరిగి చూసేది.

ఉమ దానికి నవ్వుకునేది. అత్త నోరే ఆమెను ఇబ్బంది పెట్టేది. ఎదుటి ఆటగత్తె వంగగానే సూర్యకాంతం తెలుగులో గొణగడం మొదలుపెట్టేది. “తప్పుతాది సూడు. దీనికేటొచ్చు.” వద్దని ఉమ ఒకటి రెండుసార్లు చెప్పింది. “ఇక్కడ తెలుగెవలికి తెలుసమ్మా. నాలో నాను అనుకుంతన్నాను” అనేది అత్త. తనకోసం అంత దూరం బస్సులో కుదుపులు పడి వచ్చే మనిషిని అంతకుమించి ఏమనాలో ఉమకు తోచేది కాదు.

పెళ్లైన కొన్నేళ్లకు, ఒక ఏడు ఉమకు అసలు కలిసిరాలేదు. కొండచరియలు పడి రైలు ఆగిపోవడంతో ఒక పోటీకి వెళ్లలేకపోయింది. స్టిక్ కొసనున్న తోలుబిళ్ల అరిగిపోతే మార్చేవాళ్లు రాయ్‌పూర్ దాకా లేరు. అన్నిటికన్నా పెద్ద లోటు, సరిగ్గా ఆడే తోడు లేకపోవడం. క్లబ్బులో అందరూ సరదా మనుషులు. వాళ్లమీద ఎన్ని గెలిచినా చెయ్యి పదునెక్కదు. జగదల్‌పూర్ పోటీలో ఫైనల్ చేరిన ఇద్దర్నీ రాయ్‌పూర్‌లో రాష్ట్ర జట్టు ఎంపికకు పంపుతారు. ఈసారీ కాకపోతే మానేద్దామని ఉమ మనసులో అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఫైనల్‌కు చేరింది. ఎదురు నిలిచింది పొజ్జే అనే ఇరవై రెండేళ్ల పిల్ల. దోర్నపాల్ అవతలి పల్లెలో రైతుల బిడ్డ. జగదల్‌పూర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటూ, బస్టాండు దగ్గర ఒక పూల్ పార్లర్లో ఆట నేర్చింది. పార్లర్ తెరవకముందు పొద్దున్నే వెళ్లి ఆడుకునేది. తర్వాతైతే కుర్రాళ్లు చుట్టూ మూగి, ఆమె వంగినప్పుడల్లా ఫోన్లు పైకెత్తేవారు.

ఆ కుర్రాళ్లే ఇప్పుడు ఆమె పేరు అరుస్తూ హాలు సగం నిండారు. మొదటి గేమ్‌లో ఉమ వంగేసరికి వెనక నుంచి ఎవడో ఈల వేశాడు. పొజ్జే కుర్చీలోంచి లేచి నేరుగా వాళ్ల దగ్గరికి వెళ్లింది. హిందీలో ఒకే మాట అంది: “ఆమె కొట్టేటప్పుడు అరిస్తే నేను ఆడను.” మళ్లీ వాళ్లు పొజ్జే ఆడేటప్పుడు తప్ప నోరెత్తలేదు. ఉమ అది చూసింది.

ముందు ఏడు గేములు గెలిచినవాళ్లది పోటీ. ఇద్దరూ అయిదేసి గెలిచారు. పదకొండో గేమ్‌లో పొజ్జే వరసగా కొట్టుకుంటూ వచ్చింది. బల్ల మీద ఎనిమిది, తొమ్మిది మిగిలాయి. రెండూ తేలికే. ఆమె వంగింది. ముందు వరసలో సూర్యకాంతం గొంతు తగ్గించకుండానే అంది.

“సెయ్యి వణుకుతంది సూడు. ఆ నల్లకోటు ఎవలిదో అడిగేసుకొచ్చినట్టుంది, భుజాలే నిలవట్లేదు. పోతాది ఇప్పుడు.”

పొజ్జే చెయ్యి ఆగింది. మళ్లీ సర్దుకుని కొట్టింది. ఎనిమిదో బంతి పాకెట్ అంచుకు తగిలి, లోపలికి పోకుండా అక్కడే ఆగిపోయింది. చిన్నపిల్లాడైనా వేసేయగల బంతి. వంతు ఉమది.

ఉమ లేచి బల్ల దగ్గరికి వస్తుంటే పొజ్జే ఎదురుగా తన కుర్చీ వైపు వెళ్తూ ఆగింది. ముఖంలో కోపం లేదు. మెల్లగా, శుభ్రమైన తెలుగులో అడిగింది.

“అక్కా, ఆ పెద్దామె నీ మనిషేనా? నాకు తెలుగొస్తదని జెప్పు. మా ఊర్ల సగం మాటలు తెలుగే.”

ఆ యాస మణుగూరు యాసకు ఎంతో దగ్గరగా ఉంది.

ముందు వరసలో సూర్యకాంతం కూడా విన్నది. చేతిలోని సంచిని ఒళ్లోకి లాక్కుంది.

ఉమ రిఫరీ కమలేష్ దగ్గరికి వెళ్లింది. “సర్, ముందు వరసలో ఉన్నావిడ మా అత్తగారు. ఆవిడ మాటల వల్ల ఈ అమ్మాయి దెబ్బ తప్పింది. దయచేసి ఆవిడను బయట కూర్చోబెట్టండి. ఈ దెబ్బ మళ్లీ కొట్టనివ్వండి” అని హిందీలో అడిగింది.

కమలేష్ తెల్లబోయాడు. మళ్లీ కొట్టనివ్వడానికి నియమం ఒప్పుకోదన్నాడు. మొదటి పని మాత్రం చేశాడు. సూర్యకాంతం దగ్గరికి వచ్చి చేతులు జోడించి, “మాతాజీ, బాహర్” అన్నాడు. ఆవిడ కోడలి వైపు చూసింది.

“మీరు బయట కూసోండి అత్తమ్మా” అంది ఉమ. చూపు తిప్పుకోలేదు.

సూర్యకాంతం లేచింది. ఇంతమందిలో నడిచి వెళ్లడం ఆవిడకు చాలా దూరంగా అనిపించింది. ఆవిడ వెనక తలుపు మూసేశారు.

లోపల ఉమ బల్ల ముందు నిలబడి ఎనిమిదో బంతిని చూస్తోంది. కావాలని తప్పిస్తే లెక్క సరిపోతుందా అని ఆలోచిస్తోంది. పొజ్జే కనిపెట్టింది.

“అక్కా, నువ్వు కావాలని తప్పిస్తే నేను ఇప్పుడే స్టిక్ సంచిల వెట్టి పోత. కొట్టు.”

ఉమ కొట్టింది. ఎనిమిది పడింది, తొమ్మిది పడింది. తర్వాతి గేమ్ పొజ్జే ఉమకు వంతే రానివ్వకుండా గెలిచింది. ఇద్దరికీ ఆరేసి అయ్యాయి, ఇక ఆఖరి గేమే మిగిలింది.

బయట వరండాలో చెప్పుల స్టాండు పక్కన బెంచీ ఉంది. సూర్యకాంతం దానిమీద కూర్చుంది. మొదట కోపం వచ్చింది. పదిమందిలో అత్తను వెళ్లగొట్టే కోడలు ఎక్కడైనా ఉంటుందా అనుకుంది. మొగుడికి ఫోన్ చేసి చెబుదామని ఫోన్ తీసింది. ఏమని చెప్పాలి? ఏమన్నావని ఆయన అడుగుతాడు. తను అన్న మాట తనకే గుర్తొచ్చి, ఫోన్ లోపల పెట్టేసింది. అడిగేసుకొచ్చిన కోటు. తన పెళ్లినాడు తను కట్టుకున్న పట్టుచీర పిన్నిది. ఆ సంగతి పందిట్లో ఎవరైనా పైకి అని ఉంటే ఏమైపోయేది.

మూసిన తలుపు వెనక నుంచి చప్పుళ్లు మాత్రం వినపడుతున్నాయి. బంతికి బంతి తగలడం, గట్టుకు తగలడం, చాలాసేపు ఏమీ లేకపోవడం. ఎవరు కొడుతున్నారో తెలియదు. ఏది పడినా చప్పట్లు కొట్టే ఆవిడ, చేతులు ఒళ్లో పెట్టుకుని, ప్రతి చప్పుడుకూ భయపడుతూ కూర్చుంది. చివరికి హాలంతా ఒక్కసారి చప్పట్లతో నిండింది. అప్పుడూ తెలియలేదు.

తలుపు తెరుచుకుని ఉమ వచ్చింది. బెంచీ మీద పక్కన కూర్చుంది.

“గెలిసినావా?” అంది సూర్యకాంతం.

“గెలిచిన.”



“నిన్ను తిడదామనుకున్నానమ్మా. తిట్టడానికేటీ దొరకలేదు.”

ఉమకు ఏడుపొచ్చింది. అత్త చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని సూర్యకాంతం లేచింది.

“ఎటు అత్తమ్మా? ఇప్పుడొద్దు. ఓడిపోయి ఉన్నది, కొంచెంసేపు వదిలెయ్యండి.”

ఆవిడ వినలేదు. హాలు వెనక కుళాయి దగ్గర పొజ్జే ముఖం కడుక్కుంటోంది. కోటు గోడమీద మడిచి పెట్టి ఉంది. సూర్యకాంతం దగ్గరికి వెళ్లి నిలబడింది.

“నాను సెడ్డ మాట అన్నానమ్మా. అనకూడదు. నీకర్థమైనా అనకూడదు, అర్థం కాకపోయినా అనకూడదు” అంది.

పొజ్జే ముఖం తుడుచుకుంది.

“బాధైంది పెద్దమ్మా. కోటు పార్లర్ సార్‌ది. అడిగే తెచ్చిన. కానీ ఆఖరి గేమ్‌ల అక్క కొట్టిన దెబ్బ నేను కొట్టలేను. అందుకే ఓడిన. మీ మాటకు ఓడలే.”

“నిజంగానా?”

“చెయ్యి నిజంగనే వణికింది. గట్టి మనిషితో ఆడి చాన దినాలైంది. పార్లర్ల పోరగాళ్లు ఓడిపోయి నవ్వుతరు, ఫోటోలు దిగుతరు. ఆట యాడ నేర్సుకోవాలె?”

ఇంట్లో కోడలు రోజూ అనే మాటే అది. సూర్యకాంతం సంచి విప్పి పులిహోర డబ్బా తీసింది. పొజ్జే ముందు వద్దంది, తర్వాత గోడమీద కూర్చుని తింది. వెతుక్కుంటూ వచ్చిన ఉమకు అత్త మాటలు వినపడ్డాయి.

“రాయ్‌పూర్ ఎల్లేలోగా మా యింటికొచ్చి ఉండు. క్లబ్బులో ఇద్దరూ ఆడుకోండి. కాలేజీ సెలవులే కదా.”

“అత్తమ్మా, ఆమె నాకు పోటీ” అంది ఉమ, నవ్వాలో వద్దో తెలియక.

“పోటీ లేకే కదమ్మా నువ్వు ఏడుస్తన్నావు.”

పొజ్జే ఉమ వైపు చూసింది. “నీకు ఇష్టమేనా అక్కా?”

ఉమ ఒక్క క్షణం ఆలోచించింది. ఈ పిల్ల రెండు వారాలు తన ఆటంతా చూస్తే రాయ్‌పూర్‌లో తనను ఓడించగలదు. “రా” అంది.

పొజ్జే వచ్చింది. మధ్యాహ్నాలు క్లబ్బులో ఇద్దరూ ఆడారు. మొదట రెండు రోజులు ఒకరికొకరు దెబ్బలు దాచుకున్నారు. మూడోనాడు పొజ్జే ఒక బంతిని కష్టమైన కోణంలో వేయడం చూసి ఉండబట్టలేక ఉమ “అదెట్ల కొట్టినవే?” అంది. అప్పటినుంచి దాపరికం పోయింది. రాత్రి అన్నాల దగ్గర చక్రధరరావు పళ్లెం ముందు పప్పుగిన్నెలు, నిమ్మకాయలు బంతులయ్యేవి. సూర్యకాంతం క్లబ్బుకు వచ్చి, కాస్త దూరంగా కూర్చునేది. నోరు ఊరుకోదని తెలుసు కనక వక్కపలుకు బుగ్గన పెట్టుకునేది.

రాయ్‌పూర్‌లో ఉమ రెండో రౌండులోనే ఓడిపోయింది. పొజ్జే సెమీస్ దాకా వెళ్లి, రాష్ట్ర జట్టులో చోటు సంపాదించింది. పేర్లు చదివినప్పుడు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది ఉమే. కొట్టినంతసేపూ గుండెలో ఏదో పొడుస్తూనే ఉంది. సూర్యకాంతం చప్పట్లు కొడుతూ కోడలి ముఖమే చూస్తోంది.

తిరుగు బస్సులో ఉమ కిటికీ వైపు తిరిగి, “ఇంక చాలేమో అత్తమ్మా. ముప్పై నాలుగొచ్చినయి” అంది.

ముందు సీట్లోంచి పొజ్జే వెనక్కి తిరిగింది.

“నువ్వు మానేస్తే జాతీయ పోటీలకు నన్నెవరు తయారు చేస్తరు? నేనింక పార్లర్‌కు పోను. జగదల్‌పూర్‌ల దిగను. సీదా కిరండూలే.”

“మా ఇంట్ల అడగకుండనే?” అంది ఉమ.

“పెద్దమ్మను అడిగిన.”

ఉమ అత్త వైపు తిరిగింది. ఆవిడ బుగ్గనున్న వక్కను ఇటునుంచి అటు మార్చుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. బస్సు కేశ్‌కాల్ ఘాటు ఎక్కుతోంది. కాసేపటికి ఉమ ముందు సీట్లోని పొజ్జే భుజం మీద తట్టింది.

“సెమీస్‌ల ఆ ఏడో బంతిని నువ్వు అట్ల కొట్టకుండ ఉండాల్సింది” అంది.

“ఎట్ల కొట్టాలె మరి?”

ఉమ సీటు అంచుకు జరిగి, గాల్లో చేత్తో బల్ల గీసి చూపించడం మొదలుపెట్టింది.