పస్తుల గడ్డి

మా దగ్గర సముద్రం లేదు. అయినా సముద్రపు ఒడ్డు కట్టాం.

ఐర్లండు అనే దేశంలో సముద్రం పక్కన ఇసుక దిబ్బల మీద గోల్ఫ్ ఆడతారట. మా యజమాని అది చూసొచ్చి తనకూ అలాంటిదే కావాలన్నాడు. బంకమట్టి నేల మీద లారీలతో ఇసుక తోలించి మోకాలి లోతున పరిచాం. దిబ్బలు పోశాం. మనిషి దిగితే తల మాత్రమే కనిపించేంత గుంటలు తవ్వి, గడ్డి పెళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి వాటికి గోడలు కట్టాం. సముద్రపు గాలిని మాత్రం తోలించలేకపోయాం.

పదకొండేళ్లు ఆ గడ్డిని నేనే పెంచాను. ఆ సన్నగడ్డిని పస్తు పెట్టాలి. నీళ్లు తక్కువ, ఎరువు ఇంకా తక్కువ. దాహం వేస్తేనే వేరు లోతుకు దిగుతుంది. ఎండాకాలం పైన గోధుమరంగుకు తిరుగుతుంది. తెలియనివాళ్లు చచ్చిందనుకుంటారు. అది నిద్ర. నేల గట్టిగా ఉంటే బంతి పడి దొర్లుతుంది. ఆటంతా ఆ దొర్లడంలోనే ఉంది.

మొన్న వేసవిలో కొత్త మేనేజరు వచ్చాడు. యజమానికి బావమరిది. వచ్చిన రెండో రోజే నా దగ్గరికొచ్చాడు.

"ఏంటి పెద్దాయనా, గడ్డంతా మాడిపోయింది? ఫొటోల్లో దరిద్రంగా ఉంది."

"మాడలేదు. పడుకుంది."

"అయితే లేపు. రోజూ నీళ్లు కొట్టు."

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను కొట్టనన్నాను. వాడు నా మొలలోంచి నీళ్ల వాల్వు తిప్పే తాళం లాక్కుని నా కూతురి చేతికిచ్చాడు. అదీ అక్కడే గడ్డి కోసే బండి నడుపుతుంది. ఇద్దరు పిల్లల్ని ఆ జీతంతోనే సాకుతోంది. తాళం తీసుకుని నా వైపు చూసింది. నేను మొహం తిప్పుకున్నాను.

ఆ రోజు నుంచి దానితో మాటలు మానేశాను. ఒకే ఇంట్లో ఉంటాం. పళ్లెం ముందు పెడితే తిని లేచేవాణ్ణి. రోజూ పొద్దున్నే నీళ్లు చిమ్ముతుంటే, గుంటల గోడలు సరిచేసుకుంటూ పళ్లు కొరికేవాణ్ణి. రెండు నెలలకు నేల మెత్తబడింది. బంతి పడ్డచోటే కూరుకుపోయింది. తర్వాత బూజు పట్టి, పళ్లేలంత మచ్చలు లేచాయి. కుళ్లు కంపు.

యజమాని వస్తున్నాడనగానే మేనేజరు ఒక కాగితం తయారుచేశాడు. నా కూతురు పనిముట్ల షెడ్డులోకి వచ్చి దాన్ని నా ఒళ్లో పడేసింది. కూడబలుక్కుని చదివాను. నా కూతురు ఒక రాత్రి వాల్వు కట్టేయడం మరిచిపోయిందట, అందుకే గడ్డి కుళ్లిందట, రేపటి నుంచి పనిలోకి రావద్దట.

నా ఒళ్లు భగ్గుమంది.

"రోజూ వదలమని వాడు రాసిచ్చాడా?"

"నోటితోనే చెప్పాడు. రాసివ్వడానికి ఆయనేమన్నా వెర్రివాడా?"

"వదలనని చెప్పొద్దూ?"

"ఎందుకు వదలకూడదో నాకెవరు చెప్పారు నాన్నా? ఇలా అవుతుందని నీకు తెలుసు. రెండు నెలలు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు. వాడి మీదకంటే నీ మీదే మండుతోంది నాకు."

బంతి పడే చిన్న గుంట కోసే ఇనుప గొట్టం తీసుకుని బయటికి నడిచాను. ఏడో దిబ్బ వెనక నీళ్లు అందని మూల ఒకటుంది. అక్కడ ఒక పెళ్ల కోశాను. దిబ్బకు ఇవతల నీళ్లు తాగిన చోట ఇంకోటి కోశాను.

భోజనాల గదిలో బావా బావమరిదీ కాఫీ తాగుతున్నారు. తెల్లటి బల్లగుడ్డ పరిచి ఉంది.

"ఏయ్, ఆ బూట్లేంటి!" అన్నాడు మేనేజరు.

ఆ కాగితాన్నీ రెండు పెళ్లల్నీ బల్లగుడ్డ మీద పెట్టాను. మట్టి దులిపి వేళ్లు పరిచాను.

"ఇది నీళ్లు అందనిది సార్. జానెడు వేరు. ఇది ఆయన తాపించింది. రెండు వేళ్లంత. ఒక రాత్రి నీళ్లకు వేరు ఇలా పొట్టిదవదు. రోజూ తాగితేనే అవుతుంది. నా కూతురు రెండు నెలలు రోజూ మరిచిపోయిందా? మరిచిపోతే ఈయన రెండు నెలలు ఏం పీకుతున్నాడు?"

"బావా, ఫొటోల కోసం కొంచెం పచ్చగా ఉంటుందని..." అని మేనేజరు నాలుక కరుచుకున్నాడు.

యజమాని కుళ్లిన పెళ్లను వాసన చూసి కింద పెట్టాడు. బావమరిదిని ఏమీ అనలేదు. నన్నడిగాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

"అడిగితేనే చెప్తావా? పదకొండేళ్ల గడ్డి నీ కళ్ల ముందే చస్తుంటే?"

కాగితం చింపాడు. కూతురి పని నిలిచింది. మేనేజరు కుర్చీ కూడా నిలిచింది, బావమరిది కదా. నాకు మాత్రం తిట్లు దక్కాయి. వాటిలో తప్పు పట్టడానికి ఏమీ లేకపోవడం ఇంకా మండించింది.

కూతురు షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. తాళం నా చేతిలో పెట్టబోయింది.

"నీ దగ్గరే ఉంచు," అన్నాను. "ఎప్పుడు తిప్పాలో నేను చెప్తా."

"నోటితోనా?"

"నోటితోనే. ఏడో దిబ్బ దగ్గర పది రోజులు చుక్క కూడా వదలకు. మచ్చలున్నచోట పెళ్ల పీకి ఇసుక పోద్దాం."

అది తాళం కొంగున ముడేసుకుంది.

"సరే. ఇవాళ్టి నుంచి పళ్లెం నువ్వే పెట్టుకుని తిను," అని బండెక్కింది.