ఆగిపోయిన ఫ్యాను

సీతమ్మధారలోని ఒక మిషన్ కంటి ఆసుపత్రికి సుందర్ రాజ్ వ్యాన్ డ్రైవరు. వ్యాన్ లోపల రెండు పడకలు, చిన్న గ్యాస్ పొయ్యి, మందుల అలమర, దీపాలు ఉండేవి. డాక్టర్ దేవకుమారి పల్లెల్లో శిబిరాలు పెట్టినప్పుడు అందులోనే బస.

ఎనభై మూడు ఫిబ్రవరిలో ఆ వ్యాన్ బ్యాటరీ రెండ్రోజులకోసారి దిగిపోవడం మొదలైంది. రెండుసార్లు తోసి స్టార్టు చేశారు. ఆనందపురం శిబిరం రోజున ఎంత తోసినా ఇంజను అందుకోలేదు. అక్కడి బడి అరుగు మీద నలభై మంది ముసలివాళ్ళు మధ్యాహ్నం దాకా కూర్చుని, తిరిగి ఇళ్ళకు నడిచిపోయారని కబురొచ్చింది.

ఆ బ్యాటరీ అమ్మింది వన్‌టౌన్‌లో అబ్దుల్ హమీద్. సుందర్ రాజ్ బ్యాటరీ ఊడదీసి రిక్షాలో వేసుకుని నేరుగా ఆయన కొట్టుకెళ్ళాడు. కొట్లో గోపాలపట్నం లారీ ఓనరు అర్జునరావు రెండు బ్యాటరీలు బేరం చేస్తున్నాడు.

"ఏటి భాయ్, పాత ప్లేట్లకి కొత్త డబ్బా తొడిగి అంటగట్టేసినావు," అన్నాడు సుందర్ రాజ్ గుమ్మంలోనే నిలబడి. "నీ వల్ల నలభై మంది కళ్ళు సూపించుకోకుండా ఎల్లిపోనారు."

హమీద్‌కి అరవై దగ్గర పడ్డాయి. గొంతు పెంచలేదు. "బ్యాటరీ ఇక్కడ పెట్టు సుందర్. ఛార్జి ఎక్కించి చూస్తాను."

"సూసేదేటుంది? దొంగ సరుకు."

అర్జునరావు మళ్ళీ వస్తానని లేచి వెళ్ళిపోయాడు.

ఐదో రోజు హమీదే బ్యాటరీ తీసుకుని ఆసుపత్రికి వచ్చాడు. ఎక్కించిన ఛార్జి నాలుగు రోజులైనా చుక్క తగ్గలేదన్నాడు. దాన్ని వ్యాన్‌లో పెట్టి, కనబడ్డ స్విచ్చులన్నీ ఆపి, ఒక తీగ ఊడదీసి, ఆ తీగకీ బ్యాటరీకీ మధ్య చిన్న బల్బు కలిపాడు. బల్బు వెలిగింది.

"అన్నీ ఆపినా బండి కరెంటు తాగుతోంది," అన్నాడు. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకాడు. అన్నీ పీకినా బల్బు ఆరలేదు. "ఎవరో ఫ్యూజు లేకుండా తీగ లాగారు."

సుందర్ రాజ్ తల తిప్పి తన పడక వైపు చూశాడు. కిందటి వేసవిలో మధ్యాహ్నాలు కునుకు తీయడానికి తన పడక మూల చిన్న ఫ్యాను బిగించుకున్నది తనే. ఎవరికీ చెప్పలేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టి ఈ జనవరి చివర్లో అది ఆగిపోయాక, పోయిందనుకుని స్విచ్చు ఆపకుండానే వదిలేశాడు.

హమీద్ తీగ వెంట పాక్కుంటూ వెళ్ళి ఫ్యాను మీద చెయ్యి పెట్టాడు. తిరగకుండానే వెచ్చగా ఉంది. వెనక్కి తిరిగి సుందర్ రాజ్ మొహం చూశాడు. ఏమీ అడగకుండా తీగ కోసేశాడు. బల్బు ఆరిపోయింది.

అంతలో దేవకుమారి వచ్చింది. "ఏం దొరికింది హమీద్ గారూ?"

"ఒక తీగ తప్పుగా కలిసిందమ్మా. తీసేశాను."

"బ్యాటరీయే మోసమని చెప్పావు కదా సుందర్?"

"అలాగనుకున్నానమ్మా," అన్నాడు నేల చూస్తూ. హమీద్ సామాను సర్దుకుని గేటు దాటేదాకా అతను తల ఎత్తలేదు.

సాయంత్రం దాకా ఓర్చుకున్నాడు. తర్వాత వెళ్ళి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆమె కేకలేయలేదు. "నాకు చెప్పావు సరే. ఆనందపురం వాళ్ళకి కూడా నువ్వే వెళ్ళి చెప్పు," అంది. మర్నాడు ఇల్లిల్లూ తిరిగి కొత్త తేదీ చెప్పాడు. బండి ఎందుకు రాలేదని ఒక ముసలమ్మ అడిగితే, "నా తప్పే అమ్మా" అన్నాడు. ఏం తప్పని ఆమె అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది.

తర్వాత వన్‌టౌన్ వెళ్ళాడు. హమీద్ పని ఆపకుండానే విన్నాడు.

"నాకెందుకు చెప్తావు? నాకు తెలిసిందేగా. ఆ రోజు విన్నవాళ్ళకి చెప్పు. అర్జునరావు మళ్ళీ రాలేదు."

సుందర్ రాజ్ బస్సెక్కి గోపాలపట్నం వెళ్ళాడు. అర్జునరావు అప్పటికే వేరేచోట బ్యాటరీలు కొనేశాడు.

"తప్పు ఆయనది కాదు. ఫ్యాను నానే పెట్టుకున్నాను," అన్నాడు సుందర్ రాజ్.

అర్జునరావు నవ్వాడు. "ఆ దొంగ సరుకు మాట నాను మరో నలుగురికి సెప్పేసినాను కదా బావా."

సుందర్ రాజ్ ఆ నలుగురి పేర్లూ అడిగాడు. ఆ వారంలో ఇద్దరు విని నమ్మారు. ఒకడు లోడుతో రాయపూర్ వెళ్ళాడు. నాలుగోవాడు అంతా విని, "అయితే హమీద్ నిన్ను పంపించాడన్నమాట," అన్నాడు. కాదని ఎంత చెప్పినా నమ్మలేదు.