తొమ్మిది ఎక్కడ పోయింది

ఆత్మకూరు బస్టాండు ఎదుట, అనంతసాగరం ఆటోలో వెనక సీటు లోపలి మూలన, కడ్డీకి అతుక్కుపోయి కూర్చుంది షైనీ. దిగుదామన్నా దారి లేదు, పక్కన ముగ్గురున్నారు. ఇంకో గిరాకీ తగిలితే తప్ప డ్రైవరు కదలడు.

ఒళ్లో నోటుబుక్కు. 5, 8, 3, 9. ఈ నాలుగు అంకెలనూ తలా ఒక గడి కుడివైపుకు జరిపి, చివరి తొమ్మిదిని మొదటికి తేవాలి. అంతే! చంటిపిల్లల పని. ఊళ్లోకి కొత్తగా వచ్చిన ఆ కంప్యూటరు మాత్రం, తను ప్రోగ్రాం ఎలా రాసిచ్చినా, పొద్దున్నుంచీ 5 5 5 5 అంటూ వెక్కిరించింది. ఆరింటిలోగా చేసి చూపిస్తే కొత్తవాళ్లకు నేర్పే ఉద్యోగం ఇస్తానన్నాడు ఇన్‌స్టిట్యూట్ నడిపే పెంచలప్రసాద్ సారు. ఆ ఉద్యోగం రాకుంటే రేపటినుంచి ఇల్లు కదలొద్దన్నాడు అన్న యేసురత్నం. అన్న మాటంటే మాటే. అయిదున్నరకే చేతులెత్తేసి వచ్చేసింది షైనీ. ఏడుపొస్తోంది గానీ, ఆ ఇరుకులో కళ్లు తుడుచుకుందామన్నా చెయ్యి ఆడలేదు.

ఇంతలో మూటతో ఒకావిడ, వెనకే ఆమె మొగుడు ఎక్కబోయారు. అంచున కూర్చున్న కొండలయ్య తాత కసిరాడు.

"నన్ను తోస్తావేందమ్మే? ఆ మూలనుండే పిల్ల జరిగితేనే గదా, ఒకరెనక ఒకరం జరిగేది!"

షైనీ చప్పున నోటుబుక్కులోకి చూసింది. తను మొదటినుంచి తోస్తోంది. ఆ అయిదు పక్కగడిలో పడి, అక్కడున్నదాన్ని చెరిపేసి, చివరిదాకా అదే పాకుతోంది. చివరినుంచి మొదలుపెట్టాలి!

"తాతా, దిగు! నేను దిగాల!"

తాత సణుగుతూ దిగాడు. మిగతా ఇద్దరూ దిగారు. షైనీ బయటపడగానే ఆ ఇద్దరూ మళ్లీ ఎక్కారు, మిగిలిన చోట్లో మూటావిడా మొగుడూ కూలబడ్డారు. తాత నోరు తెరిచేలోగా ఆటో వెళ్లిపోయింది.

"ఏంది పాపా ఇది? వాళ్లు కూర్చోకముందే నాకో చోటు చూడొద్దా? ఇప్పుడు నేను యాడికి పోవాల?"

షైనీ ఆయన్నే చూస్తూ నిలబడిపోయింది. అచ్చం తొమ్మిదే! చివరినుంచి జరిపితే మూడు వచ్చి దాని గడిలో కూర్చుంటుంది, తొమ్మిది గల్లంతవుతుంది. దాన్ని ముందే వేరేచోట దాచిపెట్టాలి.

"ఈడే ఉండు తాతా, వచ్చేస్తా!" అంటూ పరుగెత్తి, సారు సగం దించిన షట్టరు కింద దూరింది.

తిరిగొచ్చేసరికి తాత అక్కడే రుసరుసలాడుతున్నాడు. ఇంకో ఆటో వచ్చింది. షైనీ ఆయన్ను డ్రైవరు పక్కన ముందు సీట్లో కూర్చోబెట్టి, తను మళ్లీ వెనక మూలకే దూరింది.

"రేపు గూడా నన్ను దించుతావా ఏంది?"

"రేపు నేను అంచున కూర్చుంటాలే తాతా," అంది షైనీ. "ఇంక రోజూ రావాల."