దాచుకున్న మూడు మాటలు

ఫుట్‌బాల్‌లో విరామం తర్వాత జట్లు వైపులు మారతాయి. పదకొండు సీజన్లుగా డిఫెండరుగా ఆడుతూ, అందరిచేతా గోడ అనిపించుకుంటున్న మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ పోయిన శనివారం రెండో సగం మొదలవబోతుంటే అతను తిన్నగా వెళ్ళి, అంతకుముందు తాను కాపాడిన గోలు ముందే నిలబడ్డాడు. ఇప్పుడది అవతలి జట్టుది. వాళ్ళ గోల్‌కీపరు గ్లవ్స్ బిగించుకుంటూ, "ఏం అన్నా, మాలో చేరిపోయావా? ముందే చెబితే చొక్కా తెచ్చేవాణ్ణిగా," అన్నాడు. జనం నవ్వారు. గోడ కూడా, కావాలనే చేసినట్టు, గోల్‌కీపరుకి దణ్ణం పెట్టి ఇవతలికి పరిగెత్తాడు. మర్నాడు పేపర్లో అతని హాస్యప్రియత్వం గురించి రెండు వాక్యాలు వచ్చాయి.

నవ్వనిది అతని భార్య ఒక్కతే. ఆదివారం ఫైనల్ లోపల డాక్టరు దగ్గరికి రాకపోతే తనే వెళ్ళి కోచ్‌కి చెప్పేస్తానంది. అతను వాదించలేదు. ఎవరో ఒకరు తనని ఆపితే బాగుండునని కొన్ని నెలలుగా అనుకుంటున్నాడు. తనంతట తాను ఆగడం అతనికి చేతకాదు. కార్నర్ కిక్ గాల్లోకి లేస్తే మనసు ఏమన్నా సరే, తల ముందుకే వెళ్తుంది.

ఈ మధ్య ఇంట్లో ఆనవాళ్ళు చూసుకుని బతకడం నేర్చుకున్నాడు. తువ్వాలు తడిగా ఉంటే స్నానం అయినట్టు. సింకులో కంచం ఉంటే తిన్నట్టు. స్ట్రైకరు నడుము ఎటు తిరుగుతుందో చూసి బంతి ఎటు పోతుందో చెప్పగలిగిన మనిషి, ఇప్పుడు తన వెనకే తాను నడుస్తూ తనెటు వెళ్ళాడో ఆరా తీస్తున్నాడు.

క్లబ్బు డాక్టరమ్మ గదిలో నొప్పుల మందు వాసన. రెక్సిన్ చిరిగిన బల్ల మీద అతన్ని కూర్చోబెట్టి ఆవిడ ఐదు మాటలు చెప్పింది. తర్వాత నెలల పేర్లు వెనకనుంచి చెప్పించింది, వేలు కదిపి దాని వెంటే కళ్ళు తిప్పమంది, ఒంటికాలి మీద నిలబెట్టింది. అప్పుడు ఆ ఐదు మాటలూ అడిగింది. అతనికి రెండు దొరికాయి.

డాక్టరమ్మ బీరువాలోంచి ఫైలు తీసి అన్నిటికన్నా అడుగున ఉన్న కాగితం దాకా తిప్పింది. మొదటి సీజన్లో పెట్టిన ఇదే పరీక్షలోనూ రెండే. ఏటా రెండే. మార్పేమీ లేదనీ, ఆదివారం నిశ్చింతగా ఆడొచ్చనీ చెప్పింది.

అతనికి క్లబ్బులో చేరి ఆ పరీక్షకి వెళ్ళిన మొదటిరోజు కుళాయి దగ్గర సీనియర్ చెప్పిన పాఠం గుర్తుంది. పాతవి అలాగే గుర్తుంటాయి. "ఒరేయ్ తమ్ముడూ, ఇవాళే తెలివి చూపించకు. రేపు దెబ్బ తగిలి నిజంగా బుర్ర పాడైతే, ఈ కాగితంతో పోల్చి బెంచీ మీద కూర్చోబెడతారు. రెండు చెప్పు, మూడు మింగెయ్. మన తలకాయలు బంతికి పెట్టడానికి గానీ పరీక్షలు రాయడానికి కాదు." డిఫెండర్లందరూ అదే చేశారు. మరిచిపోయినట్టు నటించాలంటే ముందు ఐదూ పట్టుకోవాలి, వాటిలో ఏ మూడు వదలాలో ఎంచుకోవాలి. ఏటా అతను ఎంచుకునేవాడు. ఈ పని బాగా చేస్తున్నానని లోలోపల గర్వం కూడా ఉండేది. ఏ ఏడు ఎంచుకోవడం ఆగిపోయిందో మాత్రం తెలియదు. ఈసారి వదిలేయడానికి ఏమీ మిగల్లేదు.

తల వంచుకుని ఇదంతా చెప్పేశాడు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచింది. ఆవిడకి కోపం రాలేదు. ఫైనల్ ముందు వారంలో ఏదో ఒకటి చెప్పుకుని తప్పుకోవాలని చూసేవాళ్ళు ఏటా ఉంటారనీ, ఆధారం లేకుండా గోడని ఆపితే కోచ్ ఊరుకోడనీ నెమ్మదిగా వివరించింది.

"ఆ రోజు నాతో అబద్ధం ఆడానంటున్నారు. ఈ రోజు ఆడేది నిజమని దేన్నిబట్టి నమ్మను?"

సాక్ష్యం చెప్పాల్సిన సీనియర్ ఇప్పుడు సొంత వీధిలోనే తన ఇల్లెక్కడో అడుగుతూ తిరుగుతున్నాడని విన్నాడు. అంతకన్నా అతన్ని కలవరపెట్టింది ఇంకొకటి. ఒకవేళ మొదటిరోజు కూడా నిజంగానే రెండే గుర్తున్నాయేమో. మూడు మింగాననే కథ తర్వాత తనే అల్లుకున్నాడేమో. లేచి, ఆదివారం ఆడతానని చెప్పి వెళ్ళిపోవాలనిపించింది. అది తేలిక.

తలుపు పక్క కుర్చీలో, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అతని భార్య అప్పుడు నోరు విప్పింది.

"గొడుగు, సబ్బు, కిటికీ, నిమ్మకాయ, రైలు."

డాక్టరమ్మ వేలు మొదటి సీజన్ కాగితం పైవరుస మీద ఒక్కో మాట దగ్గరా ఆగుతూ వెళ్ళింది. చివరి మాట దగ్గర నిలిచిపోయింది. ఈ కాగితం మీకెవరు చూపించారని అడిగింది.

"ఎవరూ చూపించలేదండీ. మా పెళ్ళికి వారం ముందు మాట. డాక్టరు కళ్ళు కప్పొచ్చానని ఆ సాయంత్రం ఈయనే గొప్పగా ఐదూ అప్పజెప్పారు. పాలు తెమ్మంటే మరిచిపోయి వచ్చినప్పుడల్లా నేను ఇవే అంటాను. గొడుగూ సబ్బూ గుర్తుంటాయి గానీ పాలు గుర్తుండవా అని." ఒళ్ళో సంచీ సర్దుకుని, "పోయిన నెల అలాగే దెప్పితే, ఏ గొడుగు అని అడిగారు," అంది.

డాక్టరమ్మ కొత్త కాగితం తీసుకుని పొట్టిగా ఒక వాక్యం రాసి సంతకం పెట్టింది. ఆడకూడదని. ఆదివారమే కాదు, ఇకముందు కూడా. గోడ ఆ అక్షరాలు తలకిందులుగా చదివాడు. తేలికపడతాననుకున్నాడు. కానీ బంతి తనని దాటి వెనక వలలో పడిన చప్పుడు విన్నప్పటిలా ఉంది. వెనక్కి తిరిగి చూడకముందే తెలిసిపోతుంది.

ఫైలు మూసేముందు డాక్టరమ్మ అతని వైపు వంగి, ఇప్పుడు మీ ఆవిడ చెప్పిన ఐదూ ఒకసారి చెప్పమంది. ఈసారి మింగొద్దంది.

"గొడుగు," అన్నాడు వెంటనే.

భార్య పెదవులు కదిలాయి, అందించబోతున్నట్టు. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. అతను కిటికీ లోంచి బయటికి చూశాడు. గ్రౌండులో ఎవరో వంగి గీతల మీద సున్నం పోస్తున్నారు. చాలాసేపు అటే చూశాడు.

"రైలు."

డాక్టరమ్మ కలం పట్టుకుని ఎదురుచూసింది. అతను కూడా.